దువ్వెనలో చిక్కిన వెండి వెంట్రుకలు

2007లో నాగర్‌కర్నూల్‌లోని ఒక పిల్లల ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా ఉన్నాను. తెలకపల్లి దగ్గరి పల్లె నుంచి లక్ష్మి, ఆమె అత్త బాలమ్మ రెండేళ్ల అంజిని తీసుకొచ్చారు. వచ్చింది జలుబుకే. కానీ వాడి జుట్టు వెండి రంగులో ఉంది. డాక్టరు జలుబు సంగతి వదిలేసి ఆ జుట్టునే చూస్తూ ఉండిపోయారు.

ఆయన అనుమానం గ్రిసెల్లి సిండ్రోమ్. చాలా అరుదైన జబ్బు. మన కణాల్లో రాబ్27ఎ అనే చిన్న ప్రోటీన్ ఉంటుంది. దాన్ని తయారుచేసే జన్యువుకూ అదే పేరు. ఆ ప్రోటీన్ స్విచ్‌లా ఆన్, ఆఫ్ అవుతూ కణం లోపలి సరుకు ఎప్పుడు కదలాలో సంకేతం ఇస్తుంది. ఆ జన్యువు చెడితే జుట్టుకు రంగు సరిగా అందదు, రోగాలతో పోరాడే తెల్లకణాలూ పనిచేయవు. ఎముక మజ్జ మార్చకపోతే బిడ్డ దక్కడం కష్టం. వేరే జన్యువు వల్ల వచ్చే రకం ఇంకొకటుంది. అందులో జుట్టు రంగు తప్ప ఏ తేడా ఉండదు. అంజిది ఏ రకమో తేలాలి.

ముందు వెంట్రుకను మైక్రోస్కోప్‌లో చూడాలి. నేను కత్తెర తీయగానే బాలమ్మ మనుమడి తల మీద కొంగు కప్పింది.

"పుట్టెంటికలు బీచుపల్లి ఆంజనేయునికి మొక్కినం సారూ. కత్తెర పెట్టనియ్య."

"నాలుగే అవ్వా. దేవుడేమనుకోడు."

"నువ్వు అడిగొచ్చినవా?"

లక్ష్మి మెల్లగా అంది: "అత్తా, దువ్వెనల చిక్కినయి ఉన్నయి గద?"

బాలమ్మ కొంగు వదిలింది. "ఊడినయి దేవుడు అడగడు తియ్యి" అని సంచిలోంచి దువ్వెన తీసిచ్చింది.

ఒక వెంట్రుక తీసి స్లైడ్ మీద పెట్టాను. ఈ జబ్బులో రంగు గడ్డలు గడ్డలుగా కనిపించాలి. ఇందులో అసలు రంగే లేదు. నేను తికమకపడుతుంటే, స్లైడ్ అంచున మూరెడు పొడవున వేలాడుతున్న వెంట్రుకను బాలమ్మ చూసింది.

"గంత పొడుగెంటిక పోరనికి యాడిది? గది నాది సారూ. ఇంట్ల అందరికి ఒకటే దువ్వెన. నాకేం రోగముందో గూడ చెప్పు మరి!"

"నీది వయసు రోగం అవ్వా."

లక్ష్మి ఏరి ఇచ్చిన పొట్టి వెంట్రుకలో గడ్డలు స్పష్టంగా కనిపించాయి. మా నవ్వులు ఆగిపోయాయి.

ఏ రకమో తేల్చడానికి డాక్టరు అంజి రక్తం హైదరాబాద్‌లోని ఒక పరిశోధనశాలకు పంపారు. ఫలితం వచ్చేదాకా లక్ష్మి మాటిమాటికీ వచ్చి అడిగేది. అడుగుతూనే చంకలోని బిడ్డ నుదురు తడిమి చూసేది.

ఫలితం వచ్చింది. డాక్టరు జన్యువుల గురించి మొదలుపెట్టగానే బాలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"గవన్ని నాకు తెల్వదు సారూ. పోరడు ఉంటడా, లేదా?"

"ఉంటాడమ్మా. రాబ్27ఎ బాగానే ఉంది. వీడిది జుట్టు రంగు ఒక్కటే మారే రకం."

లక్ష్మి బిడ్డతో సహా అక్కడే నేల మీద కూలబడి ఏడుస్తూ నవ్వింది.

"మరి ఎంటికలు నల్లగయితయా?" అంది బాలమ్మ.

"కావు."

"కాకుంటె ఏంది? జాతరల తప్పిపోతే జల్ది దొరుకుతడు!"

ఆ మాట ఇంట్లో చెబితే నా భార్య అన్నం వడ్డిస్తున్న గరిటె కింద పెట్టి మరీ నవ్వింది. ఆమె పోయాక నాకు ఎక్కువగా గుర్తొచ్చే నవ్వు అదే. ఆమె చివరి రిపోర్టులు పట్టుకుని నేనూ డాక్టరును బాలమ్మ అడిగిందే అడిగాను: ఉంటుందా, లేదా? రిపోర్టు ఇచ్చేవాడు ముందు ఆ ప్రశ్నకే జవాబు చెప్పాలి. జన్యువుల సంగతి తర్వాత చెప్పుకోవచ్చు.