బండి కొనకముందే డ్రైవరు

పాత గేరు ఆయిలుకు ఒక వాసన ఉంటుంది. తుప్పు, మట్టి, కాలిన నూనె కలిసి చాలాసేపు ముక్కును వదలని వాసన అది. మొన్న శ్రీకాకుళం శివార్లలో పాత బళ్ళు అమ్మేచోట, మా పొరుగింటి లెక్కల మాస్టారు కొనాలనుకున్న జీపు కిందికి దూరి చూస్తుంటే ఆ వాసన గుప్పున తగిలింది. “ఈ వయసులో నేలమీద పడుకుంటారేమిటండీ!” అని మాస్టారు కంగారు పడుతున్నారు. ఆయన మాట నాకు ఎక్కడో దూరం నుంచి వినిపించింది. పంతొమ్మిది వందల అరవైల చివర్లో సముద్రపు ఒడ్డున ఒక చేపల పేటలో నేను గడిపిన రోజులు ఒక్కసారిగా మీదికొచ్చాయి. ఆ రోజులన్నిటికీ ఒకటే పేరు, నూకాలమ్మ. ఆమెను చూసినవాళ్ళు ఇప్పుడు ఆ పేటలోనే కొద్దిమంది. చూడనివాళ్ళకు ఆమె ఎలాంటి మనిషో చెప్పాలని ఇది రాస్తున్నాను.

మాది శ్రీముఖలింగం దగ్గర వరి పండించే కుటుంబం. ఉన్న పొలం అన్నలకే సరిపోయేది కాదు. నేను రాజాంలో ఒక ధాన్యం మిల్లు లారీమీద చేరి, విప్పడం, బిగించడం, తోలడం అన్నీ నేర్చుకుని లైసెన్సు తెచ్చుకునేసరికి మిల్లు కాస్తా మూతపడింది. అలా పనికోసం తిరుగుతున్న రోజుల్లో రాజాం సంతలో ఎండుచేపలు అమ్మే ఒకావిడ నన్ను కేకేసింది. పొడుగాటి మనిషి. మోచేతి దాకా గాజులు. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం మా వైపు ఆడవాళ్ళకు అలవాటే గాని, అలా కాలుస్తూనే అంత స్పష్టంగా బేరమాడే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

“బండి తోల్తావంట గదా. తోలడమేనా, లోపలేటున్నాదో కూడా తెలుసా?” అని అడిగింది.

“ఇంజను విప్పి బిగిస్తానండి.”

“అయితే రేపట్నుంచి నా దగ్గిర పన్లో ఉన్నట్టే.”

“ఏ బండండీ?”

“బండి ఇంకా కొన్లేదు. కొనీదానికే నువ్వు.”

ఎగతాళి చేస్తోందనుకున్నాను. కాదు. కళింగపట్నం దాటాక సముద్రపు ఒడ్డున ఉన్న వాళ్ళ పేటకు వెళ్ళాక గాని ఆమె సంగతి నాకు అర్థం కాలేదు. పడవలు ఒడ్డుకొచ్చే చోటికీ, మెటలు రోడ్డుకీ మధ్య అంతా ఇసుకే. ఆ ఇసుకను కోసుకుంటూ ఒక గెడ్డ, చిన్న వాగు, సముద్రంలో కలుస్తుంది. ఎడ్లబండి ఆ ఇసుకలో ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ రోడ్డెక్కేసరికి చేప మెత్తబడిపోయేది. అందుకని ఒడ్డునే ఐసు పెట్టెలతో కూర్చునే సావుకారు ఏ ధర చెబితే ఆ ధరకు తాజా చేప ఇచ్చెయ్యాలి, మిగిలింది ఎండబెట్టుకోవాలి. ఇసుకలో నడిచే బండి ఒకటుంటే తాజా చేపను మధ్యాహ్నానికల్లా రాజాం చేర్చవచ్చునని నూకాలమ్మ ఆలోచన. యుద్ధకాలం నాటి మిలిటరీ పికప్పులు, నాలుగు చక్రాలూ లాగేవి, అక్కడక్కడా అమ్మకానికి వస్తున్నాయని విన్నది. పోయిన భర్త పడవను అమ్మేసింది. అంటే ఈ బండి తప్పిందంటే వెనక్కి పోవడానికి ఆమెకు పడవ కూడా లేదు.

పేటలో అందరూ నన్ను బండి లేని డ్రైవరని పిలిచేవారు. ఆ మాట ఆమె చెవిన పడితే నవ్వేది. “పడవ కొనీటప్పుడు దాన్ని నడిపీవోడిని తీసుకెల్లమా? కొనీసినాక పిలిస్తే ఆడేటంటాడు, బాగున్నాదనే అంటాడు. ముందు నువ్వు సూడు, తరవాత నాను కొంతాను.” మా వైపు అక్కను అప్ప అంటాం. నేనామెను అప్పా అని పిలవడం ఆ రోజే మొదలుపెట్టాను.

మొదట చూసిన బండి విజయనగరంలో ఒక కంట్రాక్టరుగారిది. అద్దంలా మెరిసే ఆకుపచ్చ రంగు, కొత్త సీట్లు, తళతళలాడే హారను. నాకైతే చూడగానే మనసు జారిపోయింది. నూకాలమ్మ మాత్రం నేరుగా వెళ్ళి బానెట్టుమీద అరచెయ్యి ఆనించింది.

“బాబూ, పొద్దున్నే ఎక్కడికెల్లొచ్చినాది బండి?”

“ఎక్కడికీ లేదమ్మా. మీకోసమే కడిగించి ఉంచాను.”

“మరి ఒల్లు ఎచ్చగున్నాదేటి?”

ఆయన నవ్వి, ఒకసారి స్టార్టు చేసి చూశామన్నాడు. “అయితే సల్లారనీండి, మాకు తొందర్లేదు,” అని ఆమె గోడ నీడన కూర్చుని చుట్ట తీసింది. నాతో మెల్లగా, “పాత సేపమీద నీల్లు జల్లి అమ్మీవోల్లని నాను సూడ్నేదేటి,” అంది. బండి పూర్తిగా చల్లారాక తిప్పితే ఎంతసేపటికీ అందుకోలేదు. అందుకున్నాక వెనకనుంచి నీలిపొగ లేచింది. ఇంజను ఆయిలు తాగుతోందని నాకు తెలిసిపోయింది. అప్పుడు కిందికి దూరాను. ఛాసిస్‌మీద ఒకచోట రంగు మరీ దట్టంగా ఉంది. సుత్తితో తడితే మిగతాచోట్ల ఖంగుమన్న ఇనుము అక్కడ మొద్దుగా పలికింది. విరిగితే అతికించి రంగు పూశారు. ఇంకా ముందుకు జరిగి చూస్తే, ఇంజను బలాన్ని ముందు చక్రాలకు మోసుకెళ్ళే పొడుగాటి షాఫ్టు అసలు లేనే లేదు.

బయటికొచ్చి నిలబడ్డాను. కంట్రాక్టరుగారు ఊళ్ళో పెద్దమనిషి. అప్పుడే మాకు టీ తెప్పించాడు. ఆమెను పక్కకు పిలిచి చెబుదామని సైగ చేశాను. ఆమె కదలలేదు.

“కిందేటి సూసినావో ఇక్కడే సెప్పు. ఈ బాబు ముందరే సెప్పు. దాపరికమేటున్నాది?”

నా గొంతు సగమే పలికింది. అయినా చెప్పాను. కంట్రాక్టరుగారికి కోపం రాలేదు. “దాన్ని నేనే విప్పించేశాను. రోడ్డుమీద రెండు చక్రాలు లాగితే చాలదూ? పెట్రోలు కలిసొస్తుంది,” అన్నాడు.

“మీకు రోడ్డున్నాది బాబూ. మాకు ఇసకున్నాది,” అని ఆమె నమస్కారం పెట్టి లేచింది.

తిరుగు బస్సులో నేను దిగాలుగా కూర్చుంటే ఆమె నా భుజం చరిచింది. “ఎందుకురా సూరీ ఆ మొకం? ఈయాల ఒక బండి కొనకుండా సేసినావు. అదేటి సిన్న పనా?”

ఆ తర్వాత కొన్ని వారాలు తిరిగాం. ఒకదానికి స్టీరింగు సగం తిరిగినా చక్రం కదలదు. ఒకదాని ఆయిలు కొలిచే పుల్ల లాగితే మజ్జిగలా తెల్లగా వచ్చింది, ఇంజన్లోకి నీళ్ళు దిగుతున్నాయి. ఒకటి ఎత్తెక్కుతుంటే గేరు దానంతటదే జారిపోయేది. ప్రతిసారీ అమ్మేవాళ్ళ ముందే నాచేత చెప్పించేది. ప్రతిసారీ నా గొంతు కొంచెం తెరుచుకునేది. పేటలో మాత్రం నవ్వులు పెరిగాయి. ఐసు పెట్టెల సావుకారు అయితే, “బండి దొరికీదాకా ఈ డ్రైవరుకి గడ్డెట్టి పెంచుతావేటి నూకాలూ?” అని అందరూ వినేలా అన్నాడు. ఆ సాయంత్రం నాకు అన్నం ఆమే వడ్డించింది, చందువ చేప ముక్క పెద్దది వేసి.

చివరికి గజపతినగరంలో రామునాయుడనే ఆయన దగ్గర ఒక పికప్పు ఉందని తెలిసింది. ఆయన మిలిటరీలో బళ్ళు నడిపి వచ్చినవాడు. ఆ బండిలో గోగునార కట్టలు తోలేవాడు. ఇప్పుడు నడుంనొప్పితో తోలలేక అమ్మేస్తున్నాడు. ఈసారి నూకాలమ్మ తనతోపాటు పేటలోని ఆడవాళ్ళను ఖాళీ తట్టలతో సహా వెంటబెట్టుకొచ్చింది. ఎందుకో నాకు చెప్పలేదు.

బండిని చూసి ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. రంగు వెలిసిపోయి గోధుమ రంగులోకి దిగింది. ఒక తలుపు తాడుతో కట్టి ఉంది. రామునాయుడు మా ముందు నిలబడి, “ముందు ఎడమ చక్రం దగ్గర గ్రీజు కారతాది. ఎనక బరువు మోసీ కమాను పట్టీ ఒకటి మార్చాల. తలుపు సంగతి మీకు కనపడతానే ఉన్నాది,” అని తనే చెప్పాడు. బానెట్టు మంచులా చల్లగా ఉంది. తిప్పగానే అందుకుంది. పొగ తేలికగా వచ్చి పోయింది. నేను కిందికి దూరి ఈ చివరనుంచి ఆ చివరకు సుత్తితో తట్టుకుంటూ పోయాను. ఇనుమంతా ఒకే గొంతుతో పలికింది. ముందు షాఫ్టు ఉంది. ఆయిలు శుభ్రంగా ఉంది.

“ఇన్ని తప్పులు మీరే చెబుతున్నారు. మీకు అమ్మాలని లేదా?” అని నేను నవ్వుతూ అడిగాను.

“కొన్నోల్లు నన్ను తిట్టుకోకూడదు బాబూ,” అన్నాడాయన.

“అన్నా, మీ ఊరి ఏట్లో ఇసకున్నాది గదా,” అంది నూకాలమ్మ. “అక్కడికి పద.”

చంపావతి ఏట్లో అప్పుడు నీళ్ళు ఒక పక్కనే సన్నగా పారుతున్నాయి. మిగతా అంతా ఇసుక. ఆమె తెచ్చిన తట్టలెందుకో అప్పుడు తెలిసింది. ఆడవాళ్ళు తడి ఇసుక నింపి బండిలోకి ఎత్తారు. తట్టలయ్యాక, “ఒలే, మీరూ ఎక్కండే! సేపల బరువు సాల్దు,” అని వాళ్ళనూ ఎక్కించింది. తను ముందు నా పక్కన కూర్చుంది. ఏటిగట్టు ఎత్తు చూపించి, “మన గెడ్డ ఒడ్డు ఇంతే ఉంటాది. ఎక్కించు,” అంది.

మొదట వెనక రెండు చక్రాల బలంతోనే పోనిచ్చాను. గట్టు సగం ఎక్కి వెనక చక్రాలు గిర్రున తిరిగి ఇసుకలో దిగాయి. బ్రేకు మీద ఆపి, నాలుగు చక్రాలకూ బలం అందించే చిన్న లివరును లాగాను. రాలేదు. రెండు చేతులతో లాగాను. కదల్లేదు.

“ఏటైనాది?” అంది నూకాలమ్మ. నా మొహాన్నే చూస్తోంది.

“లోపల గేరు పళ్ళు కలవడం లేదప్పా.”

గట్టుమీద నుంచి రామునాయుడు అరిచాడు. “లాగకు బాబూ! బ్రేకు కొంచెం వదిలి ఎనక్కి జారనీ! పళ్ళు వాటికవే కూకుంటాయి!”

బ్రేకు వదిలాను. బండి రవంత వెనక్కి జారింది. లివరు టక్కున పడింది, వెన్నలో కత్తి దిగినంత సులువుగా. క్లచ్చి వదలగానే ముందు చక్రాలు ఇసుకను పట్టుకున్నాయి. బండి మూలిగింది, మూతి పైకెత్తింది, ఆడవాళ్ళతో, తడి ఇసుకతో సహా ఒక్క ఊపులో గట్టెక్కి ఎండలో నిలబడింది. వెనక నుంచి లేచిన కేకలకు ఏట్లో బట్టలుతుకుతున్నవాళ్ళు పని ఆపి చూశారు.

నూకాలమ్మ స్టీరింగుమీద నా చేతులవంక చూసి, “ఏటంటావు?” అంది.

“తీసుకుందామప్పా.”

“ఎనకాల ఆల్లకి ఇనబడాల.”

తలుపు తాడు విప్పుకుని దిగి, “తీసుకుందాం!” అని అరిచాను. నా గొంతు అంతుంటుందని నాకే తెలియదు.

కమాను పట్టీ మార్చి, ఎడమ చక్రం బాగుచేసుకుని సిద్ధమయ్యాక ఒక పొద్దున్న పడవలు వంజరం, చందువ, కానాగంతలతో ఒడ్డుకొచ్చాయి. తట్టలు నిండాయి. పేట పేటంతా గెడ్డ ఒడ్డున చేరింది. బండి గెడ్డలోకి దిగి, నీళ్ళు చిమ్ముకుంటూ అవతలి ఇసుక ఎక్కి రోడ్డుమీదికి వచ్చేసింది. అద్దంలో చూస్తే ఐసు పెట్టెల సావుకారు కూడా జనం వెనక మునివేళ్ళమీద లేచి చూస్తున్నాడు. శ్రీకాకుళం మీదుగా మధ్యాహ్నానికి రాజాం చేరాం. సంతలో జనం చేప మొప్పలు ఎత్తి చూశారు. మందారం రంగులో ఉన్నాయి. ఆ ఊళ్ళో ఎండబెట్టని సముద్రపు చేపను చూడటమే అదివరకు అరుదు. తట్ట దించడం ఆలస్యం, ఖాళీ అయిపోయేది.

జనం బండి చుట్టూ మూగి, “ఎవులు కొన్నారిది? ఎవులు సూసి తీసుకున్నారు?” అని అడుగుతుంటే, నూకాలమ్మ తట్ట పక్కన పెట్టి లేచి నిలబడింది. నా రెక్క పట్టుకుని ముందుకు లాగింది.

“ఇదిగో, ఈడు. ఈడు కాదన్నవి నాను కొన్లేదు. ఈడు ఔనన్నాది కొన్నాను. మీకెవులికైనా బండి కావాలంటే మా సూరిని అడగండి. సూసింది సూసినట్టు సెప్తాడు.”

అడిగారు. ఆ ఏడాది నుంచే మొదలుపెట్టి, మిల్లులవాళ్ళు, గోగునార వర్తకులు, పక్క పేటలవాళ్ళు నన్ను పిలుచుకెళ్ళారు. బండి చల్లగా ఉన్నప్పుడు వెళ్ళడం, కింద చూశాకే పైన చూడటం, అది ఏ నేలమీద బతకాలో ఆ నేలమీదే బరువేసి నడిపించడం, అన్నీ ఆమె దగ్గర నేర్చుకున్నవే. వద్దనాల్సి వస్తే అమ్మేవాడు ఎంత పెద్దవాడైనా అతని ఎదుటే వద్దంటాను. ఆ మాటకు కొందరు మొహం ముడుచుకున్నారు, ఎక్కువమంది మళ్ళీ పిలిచారు. నూకాలమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆ మధ్యాహ్నం రాజాం సంతలో, అంతమంది ముందు, ఆమె నా రెక్క పట్టుకుని నిలబెట్టినప్పుడు మొదటిసారి నిటారుగా నిలబడ్డాను. మళ్ళీ వంగలేదు.