ముక్కుకు అంగుళం దూరంలో

మా అక్క ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూస్తుంది. ఏ మెట్ల కింద ఎవడుంటాడోనన్న భయంతో, ఉద్యోగంలో చేరినప్పుడే కరాటేలో కూడా చేరింది.

పోయిన వారం ఒక మేడ కింద మీటరు చూస్తుంటే ఒకడు, వాడి మొహం మండ, వెనక నుంచి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. అక్క పిడికిలి రివ్వున లేచి వాడి ముక్కుకు అంగుళం దూరంలో ఆగిపోయింది. దెబ్బ తగలకుండా ఆపడమే కదా క్లాసులో ఇన్నేళ్లూ నేర్పింది! పైనుంచి ఎవరో దిగుతున్న చప్పుడుకి వాడు పారిపోయాడు గానీ, లేకపోతే?

అప్పటి నుంచీ అక్కకి కంటి మీద కునుకు లేదు. ఇప్పుడేం నేర్చుకోవాలంటూ నా బుర్ర తినేసింది.

"బాక్సింగ్ నేర్చుకో అక్కా, ఎదుటివాడికి దెబ్బైనా తగులుతుంది."

"పట్టుకుంటే విడిపించుకోవాలి కదే! జూడోకే పోదాం."

నిన్న తోడెళ్లాను. ఇక చాలనిపిస్తే కింద పరిచిన పరుపును తట్టమని మాస్టారు ముందే చెప్పారు. ఒకమ్మాయి అక్కను పడేసి మెడ బిగించింది. అక్క టపటపా తట్టింది. ఆ అమ్మాయి వెంటనే వదిలేసింది.

"బాగా తట్టావమ్మా, మొదట నేర్చుకోవాల్సింది అదే" అన్నారు మాస్టారు.

అక్క పరుపు మీంచి లేవలేదు. "తట్టినా వదలనివాడి సంగతి ఎక్కడ నేర్పుతారు సార్?" అంది.