తలకిందుల కాళ్ళ కుర్చీ

అమ్మ తుంటి ఎముక విరిగి, ఆపరేషనయ్యి, మూడు నెలలు మంచంలోనే ఉండిపోయింది. "రోజూ ఒక గంట కుర్చీలో కూర్చోబెట్టండి. కూర్చుంటే నిలబడతారు. లేకపోతే ఇక మంచమే," అన్నారు డాక్టరుగారు. మా ఇంట్లో ఉన్నవి ప్లాస్టిక్ కుర్చీలు. వాటిలో ఆవిడ జారిపోయేది. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్న ఆ రోజుల్లో నేను వడ్రంగం మొదలుపెట్టింది అందుకే.

నా చదువు పదో తరగతితో ఆగింది. కానీ ఏలూరు లైబ్రరీలో నేను తెరిపించని బీరువా లేదు. చెక్కపని మీద అక్కడ రెండు పుస్తకాలుండేవి. వాటిలో ఇంగ్లీషు పుస్తకాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని నెలన్నర చదివాను. చెక్క తేమ తాగి అడ్డంగా ఉబ్బుతుందే తప్ప పొడవు పెరగదని నోట్సులో రాసుకుని, కనపడ్డవాళ్ళకల్లా చెప్పాను. రంపం, రెండు ఉలులు, చిత్రిక తాడేపల్లిగూడెంలో పాత సామాన్ల కొట్టులో దొరికాయి.

కలప మాత్రం కొల్లేటి ఒడ్డున ఒక ఊళ్ళో దొరికింది. చేపల చెరువుల మధ్య పాత పెంకుటిల్లు పడగొట్టి కలప అమ్ముతున్నారని విని వెళ్ళాను. గోడలన్నీ పోయి వీధిగుమ్మం ఒక్కటే నిలబడి ఉంది. అందులోంచి ముందుకి చూసినా చెరువు నీళ్ళే, వెనక్కి చూసినా నీళ్ళే. గోడల్లేని ఆ స్థలంలోకి ఎటు నుంచైనా వెళ్ళొచ్చు. అయినా నేనూ, కూలివాళ్ళూ కూడా ఆ గుమ్మంలోంచే తలవంచి దాటుతున్నాం. ఎందుకని ఎవరూ అడగలేదు. నల్లబడిన మంచి టేకు. ఆ గుమ్మమే కొన్నాను.

మేకు వాడకుండా, కీళ్ళు ఉలితో తొలిచి కుర్చీ బిగించాను. అమ్మని ఎత్తి కూర్చోబెట్టాను.

"బాగుందిరా నాన్నా," అంది. నిమిషం గడవకుండానే కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది. "ఒరే, పడిపోతున్నాను. తల కిందికి వేలాడేసినట్టుంది. దించరా!"

ముఖంలోకి రక్తమంతా దిగినట్టు ఎర్రబడిపోయింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడు కుర్చీని చూడగానే గోడవైపు తిరిగి పడుకుంది. రసమట్టం పెట్టి చూశాను. బుడగ సరిగ్గా మధ్యలో ఉంది. నేనే కూర్చుని చూశాను. ఏమీ అనిపించలేదు. కాసేపటికి కిందికి చూసుకుంటే, నా కాలివేళ్ళు నేలని గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

ఎదురుగా ఉన్న చర్చిలో బల్లలు బాగుచేయడానికి పెంటపాడు నుంచి ఒక ముసలి మేస్త్రి వచ్చి ఉన్నారు. అమ్మ సంగతి చెప్పి పిలుచుకొచ్చాను. ఆయన గొంతుకూర్చుని కుర్చీ కాళ్ళ మీద బొటనవేలు రాశారు.

"ఎవరు చేశారండి?"

"నేనేనండి. పుస్తకం చూసి."

"కీళ్ళు బాగానే కుదిరాయండి. అమ్మగారినే తలకిందులుగా కూర్చోబెట్టారు."

కాళ్ళ మీదున్న చిన్న ముడులు చూపించారు. కొమ్మ మొలిచిన ముడి ఎప్పుడూ చెట్టు కొనవైపు వాలి ఉంటుందట. నా కుర్చీ నాలుగు కాళ్ళలోనూ ముడులు నేలవైపు వాలి ఉన్నాయి. నిలబెట్టే కర్రకి మొదలు కిందికి, కొన పైకి ఉండాలని, గుమ్మమైనా మంచంకోడైనా అంతేనని చెప్పారు.

"కోసేశాక చెట్టుకి పైనేంటి, కిందేంటండి మేస్త్రిగారూ? ఏ పుస్తకంలోనూ లేదు."

"పుస్తకంలో లేదంటే లేనట్టేనండి," అని నవ్వారు. "మరి అమ్మగారు ఏ లైబ్రరీలో చదివారండి?"

నాకు రోషం వచ్చింది. ఆయన మాట తప్పని తేల్చాలనే పనిలో దిగాను. మిగిలిన గుమ్మం ముక్కల మీద ముడులు వెతికి, పెన్సిలుతో 'మొదలు' అని గుర్తుపెట్టి, అవే కొలతల్లో నాలుగు కొత్త కాళ్ళు చేశాను. అదే పాలిష్ వేసి, పాతవి ఊడదీసి వీటిని బిగించాను. పాతవాటికీ కొత్తవాటికీ నేనే తేడా పట్టలేను. అమ్మకి ఒక్క ముక్క చెప్పలేదు. ఆవిడ మళ్ళీ భయపడితే నా పుస్తకం గెలిచినట్టు. ఆ గెలుపుకి అమ్మ మంచానికే అంటుకుపోవాలని ఆలోచించనే లేదు.

పనిలో దిగిన ఐదో రోజు పొద్దున పది గంటలకి, వద్దంటున్నా వినకుండా ఎత్తి కూర్చోబెట్టాను. కళ్ళు గట్టిగా మూసుకుంది. కాసేపటికి తెరిచింది. వీపు వెనక్కి ఆన్చింది. గంట దాటినా దించమనలేదు. తర్వాత కుర్చీ చేతుల మీద బరువు వేసి, నేను అందుకునేలోపే లేచి నిలబడింది.

నేను ఎడమపక్కన ఉన్నాను. నా చెయ్యి చాపాను, ఆవిడ పట్టుకోలేదు. కుడిచెయ్యి కొద్దిగా పైకెత్తి, ఎవరి మోచేతి మీదో వేసినట్టు గాలిలో ఆనించి, ఒక అడుగు వేసింది. ఇంకొకటి వేసింది. ఆ చెయ్యి దేనిమీదో బరువు ఆనించిన చెయ్యిలాగే ఉంది.

మా ఇంటి వీధిగుమ్మం దగ్గరికి వచ్చాక ఆగి, ఎవరూ లేని కుడివైపుకి తిరిగి, పెద్దవాళ్ళతో మాట్లాడే గొంతుతో అంది:

"మెల్లగా అండీ. నా కాలు ఇంకా కుదురుకోలేదు."

తర్వాత ఇద్దరు పట్టేంత చోటిచ్చి, ఓరగా గుమ్మం దాటింది.