పక్క చేన్లో పులి డబ్బా

మాది ఎల్లారెడ్డి పక్కన ఊరు. మక్కచేనుకు అడవిపందులు రాకుండా పక్క చేను సాయిలు ఒక మైకు డబ్బా కట్టాడు. అది పులిలా గుర్రుమంటుంది. మొదట్లో ఉలిక్కిపడేవాళ్లం, తర్వాత అలవాటైపోయింది.

ఈ రోజు సాయంత్రం నా భార్య గట్టు మీద గడ్డి కోస్తుంటే, నేను మోటారు బంద్ చేసి ముందుగా బయల్దేరాను. చేను లోపల గుర్రుమంది. డబ్బానే కదా అని వెనక్కి కూడా చూడలేదు.

సాయిలు ఇంటి ముందే కూర్చున్నాడు.

"నీ డబ్బా ఇయ్యాల మస్తు మొత్తుకుంటున్నదిరా" అన్నాను.

"ఏ డబ్బా కాకా? బ్యాటరీ దిగిందని పొద్దుగాలనే ఇంటికి తెచ్చిన. అగో, చార్జింగ్‌ల ఉన్నది."

నా భార్య ఇంకా గట్టు మీదే ఉంది. ఇద్దరం కట్టెలు పట్టుకుని అరుచుకుంటూ ఉరికాం. ఆమె తీరిగ్గా గడ్డి మోపు కట్టుకుంటోంది.

"ఏంది గట్ల ఉరికొస్తున్నరు? ముందు ఆ డబ్బా బంద్ చేయుండ్రి, చెవులు పోతున్నయి" అంది.

ఇల్లు చేరేదాకా ఆమెకు నిజం చెప్పలేదు. అటవీశాఖ వాళ్లు రేపు వస్తారట. డబ్బాకు పందులు అలవాటు పడ్డాయో లేదో గానీ, మేం పడ్డాం. మీ చేన్లలో డబ్బా అరిస్తే మీరు తిరిగి చూస్తున్నారా?