సిరాకూర

మొన్న నా పుట్టినరోజుకని హైదరాబాదులో ఉంటున్న మా అమ్మాయి, ఇక్కడ మా ఊరి బీచ్ రోడ్డులో కొత్తగా వెలిసిన స్పానిష్ రెస్టారెంట్లో మధ్యాహ్న భోజనానికి ఇద్దరికి టేబులు బుక్ చేసింది. తోడొస్తానన్న పాత ఆఫీసు మిత్రుడు మోకాళ్ళ నొప్పని ఆఖరి నిమిషంలో ఎగ్గొట్టడంతో తెల్లటి గుడ్డ పరిచిన బల్లకి ఇటు నేనూ, అటు ఖాళీ కుర్చీ మిగిలాం. ఎదుటి కంచం తీసెయ్యమంటారా అని వెయిటరు మర్యాదగానే అడిగాడు, ఉండనివ్వమన్నాను. ఆ దేశపు ఉత్తర తీరంలో చేపలు పట్టేవాళ్ళ ఇళ్ళలో పుట్టిన వంట అని చెప్పి అతను తెచ్చిపెట్టిన పళ్ళెంలో, తన ఒంట్లోని సిరాలోనే ఉడికించిన స్క్విడ్ అనే మెత్తటి సముద్రజీవి కాటుకంత నల్లగా, పక్కన గుప్పెడు తెల్లన్నం. చూడగానే మా ఆవిడ గుర్తొచ్చింది.

మన వయసువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో సిరాబుడ్డి లేనిదే ఆఫీసుల్లో పని నడిచేది కాదు. నేను పోర్టులో గుమస్తాగా చేరిన కొత్తల్లో, గోదావరి జిల్లా నుంచి కాపురానికి వచ్చిన మా ఆవిడతో వన్ టౌన్ ఇరుకు సందులో రెండు గదుల వాటాలో దిగాను. ఏటి చేపల్ని కళ్ళు మూసుకుని వండగలిగే ఆమెకి సముద్రం సరుకు మాత్రం కొత్త. హార్బరు నుంచి తట్టతో వచ్చే చేపలామె ఒకరోజు ప్రేమగా చేతిలో పెట్టిన స్క్విడ్‌ని, కడుపులో సిరాసంచి ఉంటుందని తెలియక, అలాగే కోసి కూర వండేసింది. సాయంత్రం నేనొచ్చి మూత తీస్తే గిన్నెంతా నలుపు. మా ఆఫీసు సిరాబుడ్డి గానీ ఒంపేశావా అని పగలబడి నవ్వి, ఆమె చూస్తుండగానే పెరట్లో పారబోశాను.

అంతటితో ఊరుకున్నానా, మర్నాడు క్యాంటీన్లో పదిమందికీ చెప్పి నవ్వించాను. ఆ కబురు వాళ్ళ ఇళ్ళమీదుగా తిరిగి తిరిగి మా సందులోకే వచ్చి, ఆమెకి సిరాకూరమ్మ అని పేరు స్థిరపడిపోయింది. పేరంటానికి పిలిచినా ఏదో వంక చెప్పి మానేసేది. చేపలామె ఒక్కతే నన్ను గుమ్మంలో నిలబెట్టి అడిగింది.

“నల్లగున్నాదని పారబోసేవు సరే, రుసి సూసేవేటి బాబూ?”

నవ్వేసి లోపలికి వెళ్ళిపోయాను. ఆ తర్వాత నలభయ్యేళ్ళూ మా ఆవిడ ఏ కూర వడ్డించినా, నేను మొదటి ముద్ద మింగేదాకా వంటింటి గుమ్మం పట్టుకుని నా మొహమే చూస్తూ నిలబడేది. అది ప్రేమ అనుకుని మురిసిపోయాను. అందులో భయం కూడా ఉందని, ఆమె పోయిన మూడేళ్ళకి, ఆ నల్లటి పళ్ళెం ముందు కూర్చుంటే గానీ ఈ మట్టిబుర్రకి తట్టలేదు.

మొత్తం తిన్నాను, పళ్ళెం అంచులు కూడా అన్నంతో తుడుచుకుని మరీ. కమ్మగా, కాస్త ఉప్పగా, చాలా బాగుంది. ఆనాడు నేను పెరట్లో పారబోసిన నలుపుని ఇప్పుడు పువ్వుల పింగాణీలో వడ్డిస్తున్నారు, జనం ఫోటోలు తీసుకుని మరీ తింటున్నారు. మా సందులో ఆ పేరు గుర్తున్నవాళ్ళెవరూ మిగల్లేదు, తట్టతో చేపలామె రావడం ఏనాడో ఆగిపోయింది.

ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే నాలుక ఇంకా నల్లగానే ఉంది. నెమ్మదిగా వంటింటి వైపు వెళ్ళి, “బాగుందే” అన్నాను. ఆ ఒక్క మాట కోసం అన్నేళ్ళు కాచుకున్న మొహం గుమ్మంలో లేదు.