బల్లి పలికే రేడియో

మా ఆవిడ చీర ఎంచుకోవడానికి పూట పడితే నేను విసుక్కుంటాను. నేను రేడియో ఎంచుకోవడానికి నెలలు పట్టినా మాత్రం ఎవరూ నోరెత్తకూడదు. నాది హామ్ రేడియో పిచ్చి, అంటే సరదాకి ఇంట్లోనే సొంత రేడియో సెట్టు పెట్టుకుని దూరాల వాళ్లతో మాట్లాడటం. ఇప్పుడు మైకులో గొంతు చించుకోనక్కర్లేదు. కంప్యూటరే అక్షరాలు పంపుతుంది, రేడియోయే ఛానళ్లన్నీ వెతికి అవతలివాళ్లతో లింకు కలుపుకుంటుంది. అలాంటి సెట్లు రెండు, కొనేముందు వాడి చూసుకోమని తోటి హామ్ ఒకాయన ఇచ్చాడు. నరసరావుపేటలో మా ముందుగదిలో వాటిని పక్కపక్కన పెట్టాను.

మొదటిది బుద్ధిమంతురాలు. ఎంతసేపు సందేశాలు పంపినా వేడెక్కదు, చప్పుడు చెయ్యదు. రెండోదాని మీద చెయ్యి పెడితే పెనంలా కాలేది. పైగా ఛానల్ మారినప్పుడల్లా లోపలి చిన్న స్విచ్చులు, రిలేలు, టక్ టక్ టక్ మనేవి. దాన్ని తిరిగిచ్చేద్దామని మొదటిరోజే అనుకున్నాను.

ఆ వారంలోనే మా అత్తయ్య మోకాలి ఆపరేషన్ కోసం మాచర్ల నుంచి వచ్చింది. ఆపరేషనంటే ఆవిడకు చచ్చేంత భయం. పైకి అనదు, కుర్చీలో కూర్చుని మోకాలు నిమురుకుంటూ ఉంటుంది.

"కరెంటు పోయేట్టుందమ్మాయ్," అంది ఒక సాయంత్రం మా ఆవిడతో. రెండో రేడియో టక్ టక్ మంది.

"సత్యం!" అని కుర్చీ చేతిమీద వేలితో కొట్టింది అత్తయ్య. "మీ ఇంట్లో బల్లి చానా చురుగ్గా ఉందే."

కాసేపటికి నిజంగానే కరెంటు పోయింది.

"అది బల్లి కాదత్తయ్యా, రేడియో," అన్నాను.

"ఏదైతే ఏంది, నిజం చెబుతుందిగా."

అప్పట్నుంచి మా ఇంట్లో నోరు తెరవాలంటే నాకు హడలు. "ఈయనకు రేడియో తప్ప ఇంకేం పట్టదమ్మా," అంది మా ఆవిడ వంటింట్లోంచి. టక్ టక్. "సత్యం!" నా బల్లమీద కూర్చుని నామీదే సాక్ష్యం! ఒళ్లు మండి, ఆ పూటే దాని అట్టపెట్టె వెతికి తెచ్చుకున్నాను.

ఆసుపత్రికి వెళ్లే రోజు పొద్దున, ఆటో వచ్చేలోపు దాన్ని సర్దుదామని కంప్యూటర్ వైరు పీకేశాను. రేడియోలో ఛానళ్ల వెతుకులాట కూడా ఆపేశాను, కరెంటు వైరు మాత్రం ఇంకా తియ్యలేదు. అత్తయ్య కర్ర పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఇదయ్యాక నేను మళ్లీ మా డాబా ఎక్కి మిరపకాయలు ఎండేసుకుంటా," అంది నెమ్మదిగా.

రేడియో పలకలేదు. ఆవిడ కదల్లేదు. దాని వంకే చూస్తూ నిలబడింది. నేను చెయ్యి అడ్డం పెట్టి, ఆవిడకు కనపడకుండా, రిలేలను కదిలించే ట్యూన్ బటన్ నొక్కాను.

టక్ టక్ టక్ టక్.

"సత్యం," అంది అత్తయ్య, బల్లమీద వేలితో కొట్టి. తర్వాత తనే ముందు నడిచి ఆటో ఎక్కింది.

ఆపరేషన్ థియేటర్ బయట కూర్చుని, రేడియోలిచ్చినాయనకు ఫోన్ చేశాను. రెండోదే ఉంచుకుంటానన్నాను.

"అదెందుకండీ? చానా వేడెక్కుద్ది, ఒకటే చప్పుడు."

"ఆ చప్పుడు కోసమేనండీ," అన్నాను.