ఆంటీ రెండు ఫ్రెంచి కార్లు

న్యూజిలాండ్‌లోని ఇన్వర్‌కార్గిల్‌లో చదువు ముగించాక ఇక్కడే ఒక గ్యారేజీలో మెకానిక్‌గా కుదురుకున్నాను. మా పక్కింటి కివీ ఆవిడకు ఎనభై దాటాయి. నేనూ, నర్సుగా పనిచేసే నా భార్యా ఆవిడను ఆంటీ అనే పిలుస్తాం. భర్త పోయాక ఆవిడ షెడ్డులో రెండు పాత ఫ్రెంచి కార్లు మిగిలాయి. పొడవాటి నల్ల డీఎస్ ఒకటి, బూడిదరంగు బుల్లి టూ సీవీ ఒకటి. ఆంటీ పెద్దవాళ్ళ కోసం వరసగా కట్టిన చిన్న ఇళ్ళలో ఒక యూనిట్‌లోకి మారబోతున్నారు. అక్కడ ఒక్క కారుకే చోటుంది. రెండూ నడిపి చూసి, ఏది ఉంచుకోవాలో చెప్పమని నన్ను అడిగారు.

ఆదివారం చర్చి నుంచి రాగానే ముగ్గురం ముందు టూ సీవీలో బయల్దేరాం. దాని గేరు రాడ్డు డాష్‌బోర్డులోంచి గొడుగు పిడిలా పొడుచుకొచ్చి ఉంటుంది. బ్లఫ్ ఊరికెళ్ళే రోడ్డు ఎక్కేసరికి ఎదురుగాలి. ఎంత తొక్కినా ఎనభై దాటలేదు. మలుపు వస్తే పడవలా ఒరిగేది. నా భార్య పైనున్న గుడ్డ టాపు చుట్టేయించి, చలికి వణుకుతూ దారంతా నవ్వుతూనే ఉంది.

డీఎస్ స్టార్ట్ చేయగానే ఆవు లేచినట్టు మొదట వెనకభాగం, తర్వాత ముందుభాగం పైకి లేచాయి. అదే రోడ్డు, అదే గాలి. వందలో వెళ్తున్నా గతుకు తెలియలేదు. బ్రేకు దగ్గరే తడబడ్డాను. పెడల్ ఉండాల్సిన చోట చిన్న రబ్బరు బుడిపె ఉంది. అలవాటుకొద్దీ గట్టిగా తొక్కేసరికి ముగ్గురం ముందుకు తూలాం.

ఇంటికొచ్చాక నా భార్య, "డీఎస్ బాగుందండీ, కానీ ఈ వయసులో అంత పెద్ద కారు ఆంటీ ఏం డ్రైవ్ చేస్తారు? చిన్నదే ఉంచుకోమనండి," అంది. రిపేరు కూడా తేలికని నేనూ ఆంటీకి అదే చెప్పాను.

మరుసటి వారం పాత కార్లు సేకరించే ఒకాయన డునెడిన్ నుంచి వచ్చాడు. డీఎస్ మీద పడతాడనుకున్నాను. ఆయన టూ సీవీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని అరగంట లేవలేదు. దానికి ఫ్యాక్టరీలో వేసిన రంగే ఉంది, సీట్ల గుడ్డ కూడా మొదటిదే. డీఎస్‌కు ఆంటీ భర్త కొత్త రంగు వేయించి, సీట్లు మార్పించారు. నడపడానికి డీఎస్, దాచుకోవడానికి ఇది అన్నాడాయన. ఆంటీ ఏదిచ్చినా తీసుకుంటానన్నాడు.

ఆంటీ ఆలోచించలేదు. "నలభై ఏళ్ళు ఆ నల్లదాని పక్క సీట్లో కూర్చున్నాను. మా ఆయన ఒక్కసారైనా స్టీరింగ్ ఇవ్వలేదు. మీరు చిన్నది తీసుకెళ్ళండి."

ఆ వయసులో లైసెన్సు పొడిగించడానికి ఇక్కడ అడిగే డాక్టరు సర్టిఫికెట్ కూడా ఆవిడ అప్పటికే తెచ్చుకున్నారు. రెండు వారాలు ఖాళీ పార్కింగ్ స్థలంలో డీఎస్ నడపడం నేర్పాను. మా గ్యారేజీ కుర్రాళ్ళలో చాలామందికంటే ఓపిగ్గా, శ్రద్ధగా నేర్చుకున్నారు.

ఇప్పుడు ఆ యూనిట్ల దగ్గరి పెద్దవాళ్ళు ఆంటీ కారులో షికారుకు వంతులు వేసుకుంటున్నారు. పోయిన శనివారం ఆంటీతో నలుగురు ఆడవాళ్ళు సముద్రం ఒడ్డున ఉన్న రివర్టన్ వెళ్ళొచ్చారు. బయల్దేరేటప్పుడు నేనూ రానా అని అడిగితే, కారు నిండిపోయిందన్నారు ఆంటీ.